అండమాన్ ఇసుకలో మొండి ఫంగస్: మందులకు లొంగని సూక్ష్మజీవులు బయటి నేలలో, నీటిలో ఏం చేస్తున్నాయి?

అండమాన్ తీరంలో మనుషులు దాదాపు అడుగుపెట్టని ఉప్పునీటి చిత్తడి నేల ఒకటి. జనం వచ్చిపోయే ఇసుక బీచ్ ఒకటి. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ రెండు చోట్లా సేకరించిన నమూనాల్లో శాస్త్రవేత్తలకు కాండిడా ఆరిస్ అనే ఫంగస్ దొరికింది. అప్పటిదాకా ప్రపంచంలో ఈ ఫంగస్ ఎక్కడ బయటపడ్డా ఆసుపత్రుల చుట్టూనే బయటపడింది. రోగుల చర్మం మీద, రక్తంలో, మంచాల కమ్మీల మీద, వైద్య పరికరాల మీద కనిపించేది. ఆరుబయట ప్రకృతిలో దాన్ని పట్టుకోవడం అదే మొదటిసారి.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ అనురాధా చౌధరి బృందం, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జియాన్‌పింగ్ షు కలిసి ఈ అధ్యయనం చేశారు. రాతి తీరాలు, ఇసుక తీరాలు, చిత్తడి నేలలు, మడ అడవులు కలిపి ఎనిమిది చోట్ల నుంచి 48 మట్టి, నీటి నమూనాలు తీసుకున్నారు. ఫలితాలు 2021 మార్చిలో ‘ఎంబయో’ పత్రికలో వచ్చాయి. బీచ్‌లో దొరికిన రకాలన్నీ ఒకటి కంటే ఎక్కువ మందులకు లొంగనివి. జన్యుపరంగా అవి ఆసుపత్రుల్లో తిరిగే రకాలకు దగ్గరగా ఉన్నాయి. చిత్తడి నేలలో దొరికిన వాటిలో ఒకటి మాత్రం మందులకు లొంగింది. ఎక్కువ వేడిలో అది మిగతా వాటికంటే నెమ్మదిగా పెరిగింది.

కాండిడా ఆరిస్ బ్యాక్టీరియా కాదు, ఫంగస్. యాంటీబయాటిక్స్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. ఫంగస్‌కు వేరే మందులుంటాయి. కానీ మందుకు లొంగకపోవడం అనే సమస్య రెండింటిలోనూ ఒకే దారిలో పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రెంటినీ కలిపి ‘యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్’ అంటోంది. 2022లో ఆ సంస్థ ప్రకటించిన ప్రమాదకర ఫంగస్‌ల జాబితాలో అన్నిటికంటే పై వర్గంలో కాండిడా ఆరిస్ ఉంది. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో దీన్ని తొలిసారి గుర్తించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. పేరు అలా వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లలోనే భారత్, దక్షిణాఫ్రికా, వెనిజువెలా, అమెరికా, బ్రిటన్‌లలో బయటపడింది. ఇది రక్తంలోకి చేరితే రోగుల్లో మూడో వంతు మంది, ఒక్కోచోట అంతకంటే ఎక్కువ మంది చనిపోతున్నారు. వాళ్లలో చాలామందికి అప్పటికే వేరే తీవ్రమైన జబ్బులుంటాయి.

బీచ్‌లోకి ఎలా వచ్చింది?

దీనికి రెండు సమాధానాలున్నాయి. సముద్ర తీరపు నేలే దాని పాత ఇల్లు కావచ్చు. లేదా మనుషుల ఒంటి నుంచి, మురుగు నుంచి అది తీరానికి చేరి ఉండొచ్చు. మనుషులు తిరగని చిత్తడిలో, మందుకు లొంగే, వేడికి అంతగా అలవాటుపడని రకం దొరకడం మొదటి వాదనకు బలం ఇస్తోంది. బీచ్‌లో దొరికినవి ఆసుపత్రి రకాలను పోలి ఉండటం రెండో వాదన వైపు చూపిస్తోంది. రెండూ నిజమయ్యే వీలూ ఉంది. తీరంలో పుట్టి, ఆసుపత్రికి చేరి, అక్కడ మందుల మధ్య రాటుదేలి, మళ్లీ తీరానికి తిరిగొచ్చిందన్నమాట. ఒక్క అధ్యయనంతో తేలే సంగతి కాదిది. అండమాన్‌లోనే ఈ ఫంగస్ పుట్టిందని అప్పట్లో కొన్ని శీర్షికలు వచ్చాయి. పరిశోధకులు అన్నది అది కాదు. మనుషులకు జబ్బు చేయక ముందే అది ప్రకృతిలో ఉండేదని మాత్రమే.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ శాస్త్రవేత్త ఆర్టురో కాసడెవాల్ బృందం 2019లోనే ఒక ఊహ ముందుకు తెచ్చింది. మన శరీరపు వేడి చాలా ఫంగస్‌లకు సరిపడదు. మనకు ఫంగస్ జబ్బులు తక్కువగా రావడానికి అదొక కారణం. భూమి వేడెక్కేకొద్దీ కొన్ని ఫంగస్‌లు ఆ వేడికి అలవాటుపడి, మన ఒంట్లోనూ బతకడం నేర్చుకుంటున్నాయని వారి వాదన. అండమాన్ చిత్తడిలో వేడిని అంతగా తట్టుకోలేని రకం దొరకడం దీనికి అతికినట్టే ఉంది. అయితే అతకడం వేరు, రుజువు కావడం వేరు.

మరుసటి ఏడాది డాక్టర్ చౌధరి బృందం మరో చోట వెతికింది. ఉత్తర భారతంలో సేకరించిన 62 యాపిల్ పండ్లను పరీక్షిస్తే ఎనిమిదింటి పైతొక్క మీద కాండిడా ఆరిస్ కనిపించింది. ఆ ఎనిమిదీ బజారులో కొన్నవే. తోటలో చెట్టు నుంచి కోసిన పండ్ల మీద లేదు. నిల్వ పండ్లు కుళ్లకుండా వాడే ఫంగస్ మందుల అవశేషాలు వాటి మీద ఉన్నాయి. పంటల మీద చల్లే ఈ మందుల్లో కొన్ని ఆసుపత్రిలో రోగికిచ్చే అజోల్ మందుల కుటుంబానివే. తొక్క మీద మిగిలిన కొద్దిపాటి మందుకు లొంగే ఫంగస్ చస్తుంది, లొంగనిది మిగులుతుంది. పర్యావరణంలో నిరోధకత పెరిగే తీరంతా ఈ ఒక్క యాపిల్ తొక్క మీద కనిపిస్తుంది.

మట్టికి ఇది కొత్త కాదు

యాంటీబయాటిక్స్‌లో చాలావాటిని మనిషి కనిపెట్టలేదు, మట్టిలోంచి తవ్వి తీశాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలో, బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా ఆరియోమైసిన్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో దాన్ని ప్రకటించారు. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవి మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో దొరికింది. ఎరిత్రోమైసిన్ ఫిలిప్పీన్స్ మట్టిలోంచి, వాంకోమైసిన్ బోర్నియో మట్టిలోంచి వచ్చాయి. రెండూ దీవులే.

మట్టిలో సూక్ష్మజీవులు ఈ రసాయనాలతో ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటూ కోట్ల ఏళ్లుగా బతుకుతున్నాయి. కత్తి ఉన్నచోట డాలూ ఉంటుంది. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో పెన్సిలిన్ తరహా మందులకు, టెట్రాసైక్లిన్‌కు, వాంకోమైసిన్‌కు లొంగని జన్యువులు ఉన్నట్టు 2011లో ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ కాలంలో మందుల దుకాణాలు లేవు, ఆసుపత్రులు లేవు.

అంటే నిరోధకత అనేది మనిషి సృష్టి కాదు. మనిషి చేసింది దాన్ని పోగుచేయడం, కదిలించడం. ఆరియోమైసిన్ కథే దీనికి ఉదాహరణ. మందు తీశాక మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోళ్లు త్వరగా బరువు పెరుగుతున్నాయని అదే లెడర్లీ సంస్థలో గమనించారు. రోగం లేని జంతువులకు రోజూ కొద్ది మోతాదులో యాంటీబయాటిక్ మేపడం అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది.

జన్యువు కదిలే తీరు కూడా తెలుసుకోవాలి. బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాలుంటాయి. ఒక బ్యాక్టీరియా తన ప్లాస్మిడ్‌ను పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. మనిషి పేగులోంచి వచ్చిన బ్యాక్టీరియా, మట్టి బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ అవశేషాలు, జింక్, రాగి వంటి లోహాలు అన్నీ కలిసే చోటు మురుగు కాలువ. 2011లో ‘లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్’లో వచ్చిన అధ్యయనంలో ఢిల్లీలో వీధుల్లో నిలిచిన, కాలువల్లో పారే నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో ఎన్‌డీఎం-1 జన్యువు కనిపించింది. కుళాయి నీటి నమూనాలు 50లో రెండింటిలో దొరికింది. కార్బాపెనెమ్ అనే చివరి అంచె మందులను కూడా పనిచేయనివ్వని జన్యువు అది. దాని పేరులో న్యూఢిల్లీ ఉండటం మీద మన దేశంలో జరిగినంత గొడవ, అది కాలువల్లో ఉండటం మీద జరగలేదు.

పటాన్‌చెరు నీళ్లలో

మందు అవశేషాలు నీటిలో ఉంటాయంటే ఎంత ఉంటాయి? మామూలు పట్టణపు మురుగులో లీటరుకు మైక్రోగ్రాముల్లో, అంతకంటే తక్కువలో ఉంటాయి. దీనికి ప్రపంచం మొత్తం చెప్పుకునే మినహాయింపు హైదరాబాద్ శివార్లలోనే ఉంది.

స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షించింది. సుమారు 90 బల్క్ డ్రగ్ తయారీ సంస్థల వ్యర్థజలం అక్కడికి చేరేది. శుద్ధి చేశాక వదిలిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగుతున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కంటే కూడా అది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ అలా పారుతోందని లెక్క తేలింది. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అంత. 2016లో ఇదే లార్సన్ మరో శాస్త్రవేత్తతో కలిసి, నిరోధకత పెరగకుండా ఉండాలంటే నీటిలో ఏ మందు ఎంత దాటకూడదో 111 యాంటీబయాటిక్స్‌కు లెక్కగట్టారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007లో పటాన్‌చెరులో దొరికింది దానికి దాదాపు అయిదు లక్షల రెట్లు.

ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర నదిలోకి చేరేది. అక్కడి కాలుష్యంపై కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు దీనిపై పోరాడారు. తర్వాత పటాన్‌చెరు వ్యర్థజలాన్ని పైపులైన్ వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. వాగు మారింది, మందు మారలేదు. మూసీ నీటిలోనూ సిప్రోఫ్లాక్సాసిన్ తరహా మందులు అధికంగా ఉన్నట్టు ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు తర్వాత గుర్తించారు. ఆ నీటితోనే దిగువన వరి, పశుగ్రాసం పండుతాయి.

అండమాన్ ఫంగస్ సంగతితో నేరుగా ముడిపడేది 2017లో వచ్చిన జర్మన్ శాస్త్రవేత్తల అధ్యయనం. హైదరాబాద్, చుట్టుపక్కల 28 చోట్ల నీటి నమూనాలు తీస్తే, ఒకచోట ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు సుమారు 237 మిల్లీగ్రాములుంది. మందుల దుకాణంలో దొరికే ఫ్లుకోనజోల్ గొట్టంలో ఉండేది 150 మిల్లీగ్రాములు. అంటే ఒక లీటరు నీళ్లలో గొట్టంన్నర మందు. కాండిడా ఆరిస్ అన్నిటికంటే ఎక్కువగా ఎదురు నిలిచేది ఈ మందునే. హైదరాబాద్ కాలువ నీటికీ అండమాన్ ఫంగస్‌కూ సంబంధం ఉందని ఎవరూ నిరూపించలేదు, అలా అనుకోనక్కర్లేదు కూడా. ఫంగస్ మందులు, యాంటీబయాటిక్స్ ప్రపంచానికి అందించే చోట ఆ మందులకు లొంగని జీవులు పెరగడానికి ఎంత అనువైన నీరుందో మాత్రం ఈ అంకె చెబుతుంది.

దీవుల్లో మురుగు ఎటు పోతోంది?

అండమాన్‌లో మందుల ఫ్యాక్టరీల బెడద లేదు. అక్కడి సమస్య మురుగు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన మురుగు శుద్ధి కేంద్రాల జాతీయ నివేదిక ప్రకారం అండమాన్ నికోబార్ పట్టణ ప్రాంతాల్లో రోజుకు 2.3 కోట్ల లీటర్ల మురుగు వస్తోంది. అప్పటికి అక్కడ నెలకొల్పిన శుద్ధి సామర్థ్యం సున్నా. దేశం మొత్తం మీద చూసినా, రోజుకు వచ్చే 7,236 కోట్ల లీటర్ల పట్టణ మురుగులో శుద్ధి అయ్యేది 2,024 కోట్ల లీటర్లే. మిగతా చోట్ల అది నదిలోకి పోతుంది. దీవుల్లో సముద్రంలోకి పోతుంది. చేపలు పట్టేదీ, ఈదేదీ ఆ సముద్రంలోనే.

మందులకు లొంగని బ్యాక్టీరియా అక్కడికి కొత్త కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం జిగట విరేచనాలు కలిగించే షిగెల్లా బ్యాక్టీరియాను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చింది. 2000 నుంచి 2011 వరకు తీసిన లెక్కల్లో, దానిమీద పనిచేయని మందుల జాబితా అంతకంతకూ పెరిగింది. షిగెల్లా జబ్బు చేయడానికి వంద లోపు బ్యాక్టీరియా చాలు. మలంతో కలిసిన నీరే దానికి దారి. కొత్త మందు వచ్చేదాకా ఎదురుచూడకుండా ఈ దారి మూయవచ్చు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో 3.8 లక్షల మంది ఉంటే, వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్లి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో చాలా ఉన్నాయి. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి నౌకలు నడుస్తాయి, విమానాలు నడుస్తాయి. దీవి కాబట్టి రక్షణ ఉంటుందనుకోవడం పొరపాటు. మనిషి పేగులోని బ్యాక్టీరియాకు టికెట్ అక్కర్లేదు.

దీవి కావడం వల్ల జబ్బు చేస్తే కష్టం మాత్రం ఎక్కువ. కార్ నికోబార్‌లోనో లిటిల్ అండమాన్‌లోనో మొదటి మందు పనిచేయకపోతే, పెద్ద వైద్యం కోసం పోర్ట్ బ్లెయిర్‌లోని జీబీ పంత్ ఆసుపత్రికి రావాలి. ఓడ మీదో హెలికాప్టర్ మీదో, అదీ వాతావరణం అనుకూలిస్తే. బయటి రోగాలకు అలవాటులేని ఆదిమ తెగల సంగతి మరీ సున్నితం. 1877లో తట్టు సోకి గ్రేట్ అండమానీలు పెద్దసంఖ్యలో చనిపోయారు. 1999లో జారవాలకూ తట్టు వచ్చింది. వైరస్ వేరు, బ్యాక్టీరియా వేరు. అయినా బయటి నుంచి సోకే రోగానికి బయటి నుంచి వచ్చే మందే ఆధారమైన చోట ఆ మందు పనిచేయకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఏం చేయాలి?

‘డాక్టర్ చెప్పకుండా యాంటీబయాటిక్ వాడొద్దు’ అన్న ప్రచారం అవసరమే. కానీ సమస్య మొత్తం రోగి అలవాటు మీద నెట్టేస్తే లెక్క తప్పుతుంది. 2018లో ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’లో పీటర్ కాలిగ్నన్ బృందం వివిధ దేశాల వివరాలు పోల్చి చూసింది. నిరోధకత తక్కువగా ఉన్న దేశాల్లో కనిపించింది మెరుగైన పారిశుద్ధ్యం, తాగునీరు, పాలన. ఎన్ని మందులు వాడారన్నదానితో అంత స్పష్టమైన సంబంధం కనిపించలేదు. అండమాన్ వంటి చోట దీనర్థం ఒకటే: మురుగు శుద్ధి కేంద్రం కట్టడం కూడా యాంటీబయాటిక్స్‌ను కాపాడే పనే. శుద్ధి కేంద్రం మొండి జన్యువులను పూర్తిగా తొలగించదన్నది నిజం. మిగిలే బురదను పొలాలకు వేస్తే అవి మళ్లీ మట్టికి చేరతాయి. అయినా శుద్ధిచేయని మురుగుతో పోలిస్తే బ్యాక్టీరియా భారం ఎన్నో రెట్లు తగ్గుతుంది.

ఆసుపత్రుల మురుగు చిన్నదే కానీ చిక్కనిది. దాన్ని ఊరి మురుగులో కలవక ముందే విడిగా శుద్ధి చేయాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఆసుపత్రులు కొద్దిగా ఉన్న దీవుల్లో ఈ నిబంధన అమలును తనిఖీ చేయడం మహానగరాల్లోకంటే తేలిక.

ఫ్యాక్టరీల విషయంలో జరిగింది మాత్రం వెనకడుగు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా నిబంధనల్లో 121 యాంటీబయాటిక్స్‌కు వ్యర్థజలంలో గరిష్ఠ హద్దులు పెట్టింది. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి అంత పని చేయలేదు. ఔషధ పరిశ్రమ అభ్యంతరం చెప్పింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. అవి చట్టం కావు. ఈలోగా ఒత్తిడి కొనేవారి నుంచి వస్తోంది. నార్వే 2019 నుంచి ఆసుపత్రి మందుల టెండర్లలో పర్యావరణ ప్రమాణాలకు మార్కులు వేస్తోంది. ధర ఒక్కటే చూసే మన ప్రభుత్వ టెండర్లు అదే పని చేస్తే హైదరాబాద్, విశాఖ కంపెనీలు ఎగుమతికి ఒక నీరు, దేశీయానికి ఒక నీరు వదలలేవు.

పశువులు, కోళ్లు, రొయ్యల దగ్గర కొంత కదలిక ఉంది. చివరి అంచె మందైన కోలిస్టిన్‌ను జంతువుల మేతలో వాడటాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించింది. కేరళ మందుల దుకాణాలపై 2024లో ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. వాడని మాత్రలను ఇంటి నుంచి సేకరించే పథకం 2025లో కోళికోడ్‌లో ప్రారంభించింది. మిగిలిన మాత్రను చెత్తబుట్టలోనో మరుగుదొడ్డిలోనో వేసే మన అలవాటుకు ఇది సూటి మందు. పంటల ఫంగస్ మందుల మీద మాత్రం ఎవరి చూపూ పడలేదు. ఆరోగ్య శాఖకు అది వ్యవసాయం, వ్యవసాయ శాఖకు అది ఆరోగ్యం.

ఇక కాపలా. 2020లో హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి నగరంలో కోవిడ్ ఏ మేరకు ఉందో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అదే పద్ధతి నిరోధక జన్యువులకూ పనికొస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రయోగశాల ఉంది, పరిశోధకులున్నారు, ఏ కాలువ ఏ కోవలో కలుస్తుందో తెలిసిన చిన్న పట్టణముంది. చిత్తడి నేలల వంటి మానవ సంచారం లేని చోట్లు, మురుగు కలిసే చోట్లు ఒకే దీవిలో పక్కపక్కనే ఉన్నాయి. ఏది ప్రకృతి సహజం, ఏది మనం కలిపింది అని పోల్చి చూడటానికి దేశంలో ఇంతకంటే మంచి చోటు దొరకదు.

తొందర పడాల్సిన కారణం కూడా ఒకటుంది. 2011లో సుమారు 8,000 మంది ఉన్న గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టి జనాభాను లక్షలకు పెంచే ప్రాజెక్టు నడుస్తోంది. అక్కడ మురుగు శుద్ధి కేంద్రాలు కడితే వాటి నీటిని ప్రస్తుత ప్రమాణాల ప్రకారం బీఓడీ, సీఓడీ, తేలే ఘనపదార్థాలు, కోలిఫాం బ్యాక్టీరియా సంఖ్య వంటివి చూసి వదులుతారు. ఆ కోలిఫాం ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో చూడాలన్న నిబంధన ఆ జాబితాలో లేదు.